పిట్టగోడ లేని ఇల్లు

గాజువాకలో ఒక విశ్వాసి ఇంటి డాబామీద జరిగిన గృహ ప్రార్థన కూడిక అది. పాటలు ముగిశాయి, సాక్ష్యాలు ముగిశాయి, ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం వచ్చింది. ఒకరు మోకాళ్ల నొప్పులన్నారు. ఒకరు కూతురి కాన్పు గురించి చెప్పారు. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసే యువకుడొకడు ఉద్యోగం నిలబడేలా ప్రార్థించమన్నాడు. చివరగా ఒక తల్లి లేచింది. ఆమె కుమారుడు పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాడు. ‘‘అయ్యగారూ, మావాడు అక్కడ సొంత ఇల్లు కొన్నాడు, దేవునికి స్తోత్రం. మొన్న తుపాకి కూడా కొన్నాడట. ఏమీ కాకుండా ప్రభువు కాపాడాలని ప్రార్థన చేయండి’’ అందామె.

ఇల్లు కొన్నాడన్న మాటకు అందరూ ‘స్తోత్రం’ అన్నారు. తుపాకి మాటకు ఎవరికీ నోరు పెగల్లేదు. ఏమీ కాకుండా అంటే ఏమిటి? దొంగ చేతిలో ఆ బిడ్డకు ఏమీ కాకుండానా? ఆ బిడ్డ చేతిలో ఇంకెవరికో ఏమీ కాకుండానా? ఏవో రెండు మాటలతో నేను ప్రార్థన ముగించాను. ఇంటికొచ్చాక ఆ ప్రార్థన నాకే రుచించలేదు. ఆ తల్లికి ఆ రోజు చెప్పవలసిన మాట ఆలస్యంగానైనా చెప్పాలనిపించి ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

అమెరికా సంగతి మనకెందుకు అనేవారుంటారు. మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం దాకా ఏ సంఘంలోనైనా ఆదివారం ఆరాధన తర్వాత నిలబడి చూడండి. కొడుకో కూతురో అక్కడ ఉన్న కుటుంబాలు ఒకటో రెండో కాదు, వరుసలకు వరుసలున్నాయి. పిల్లలు డాలస్ శివార్లలో, అట్లాంటా శివార్లలో, డెట్రాయిట్ శివార్లలో ఇళ్లు కొన్నారు. ముందు పచ్చగడ్డి, వెనక పెరడు, రెండు కార్లు, మంచి బడి. పక్కింటివాళ్ల దగ్గర తుపాకి ఉంటుంది, ఎదురింటివాళ్ల దగ్గర ఉంటుంది. కొన్నాళ్లకు మనవాడికీ ఒకటి ఉంటే మంచిదేమో అనిపిస్తుంది. తల్లిదండ్రులకు చెబుతాడో లేదో కూడా తెలియదు. ఆ తల్లికి చెప్పడమే విశేషం.

విశాఖకు తుపాకులు కొత్త కావు. తూర్పు నౌకాదళానికి ఇది ప్రధాన స్థావరం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసిన ఊరిది. పోర్టు గేటు దగ్గరా ఉక్కు కర్మాగారం గేటు దగ్గరా సీఐఎస్ఎఫ్ జవాన్ల చేతుల్లో రోజూ ఆయుధాలు చూస్తూనే బస్సు దిగుతాం. అయినా మన కాలనీల్లో తుపాకి ఉన్న ఇల్లు చాలా అరుదు. ఉన్నదంటే ఎక్కువగా అది ఏ మాజీ సైనికుడి ఇల్లో అయివుంటుంది. సైన్యం నుంచి బయటికొచ్చాక లైసెన్సు తీసుకుని, సొంత డబ్బుతో డబుల్ బ్యారెల్ తుపాకి కొనుక్కుని, బ్యాంకు దగ్గరో నగదు వ్యాను దగ్గరో గన్‌మన్‌గా కుదురుకున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు.

అలాంటి పెద్దాయన ఒకరిని ఆ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి అడిగాను. ఆయన బైబిలు కంటే ముందు సర్వీసు రూల్సు చెప్పాడు! ‘‘అయ్యగారూ, సర్వీసులో ఉన్నంతకాలం తుపాకి నాది కాదండి, కోత్‌ది. డ్యూటీకి వెళ్లేటప్పుడు సంతకం పెట్టి తీసుకోవడం, దిగాక రౌండ్లు లెక్కపెట్టి అప్పగించి మళ్లీ సంతకం పెట్టడం. ఒక్క రౌండు తగ్గిందంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండేది కాదు. క్వార్టర్సులో నా భార్యాబిడ్డలున్నారు, తుపాకి ఏనాడూ క్వార్టర్సుకు రాలేదు’’ అన్నాడు. కోత్ అంటే సైన్యంలో ఆయుధాలు భద్రపరిచే గది. రిటైరయ్యాక గన్‌మన్‌గా ఉన్న రోజుల్లో తుపాకిని ఇనుప ట్రంకు పెట్టెలో రెండు తాళాలు వేసి ఉంచేవాడట. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. వేసవి సెలవులకు మనవలు వస్తున్నారంటే లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడట. ‘‘పిల్లలు నేను దాచిన బెల్లం ఎక్కడున్నా కనిపెడతారండి, ట్రంకు పెట్టె కనిపెట్టరా?’’ అని నవ్వాడు.

ఆయన మాటల్లో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ఆయుధం పట్టడమే వృత్తిగా బతికిన మనిషి దాన్ని తన పడకగదికి దూరంగా ఉంచాడు. శిక్షణ లేని మనుషులేమో దాన్ని తలదిండు పక్కన పెట్టుకుంటున్నారు.

మన దేశంలో చట్టం కూడా ఆ పెద్దాయన పక్షానే ఉంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోకూడదు, 21 ఏళ్లు నిండనివారికి ఇవ్వకూడదు. పోలీసు విచారణ తర్వాతే లైసెన్సు. 2016లో వచ్చిన నియమాలు దరఖాస్తుదారుడి శారీరక, మానసిక ఆరోగ్యం గురించి, ఆయుధ భద్రతలో శిక్షణ గురించి కూడా అడుగుతాయి. 2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. పెళ్లి ఊరేగింపుల్లో సంబరంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అన్నారు. ఇంత కట్టుదిట్టం మధ్య కూడా ఏజెన్సీ కొండల్లో నాటు తుపాకులు ఉన్నాయి, అవి ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. పాడేరు, చింతపల్లి వైపు పరిచర్య చేసే సేవకులకు ఈ బాధ నాకంటే బాగా తెలుసు. దాని గురించి మరోసారి విడిగా రాయాలి.

అక్కడ అమెరికాలో తుపాకి పౌరుడి హక్కు. విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మాత్రం మామూలుగా తుపాకి ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. కాని అందులో ఒక మినహాయింపు ఉంది. వేట లైసెన్సు తీసుకుంటే కొనుక్కోవచ్చు! 2024 నవంబరు 13న అట్లాంటాలో తెలంగాణకు చెందిన ఒక విద్యార్థి తన పుట్టినరోజునాడే, స్నేహితులు ఇంట్లో ఉండగానే, తుపాకి శుభ్రం చేస్తూ అది పేలి మరణించాడు. 23 ఏళ్లవాడు. వేట లైసెన్సుతో కొన్న తుపాకి అది. చదువుకునే పిల్లలకు కూడా అక్కడ తుపాకి దొరుకుతుందన్న సంగతే తమకు తెలియదని కన్నతండ్రి వాపోయాడు. శత్రువు లేడు, దొంగ లేడు, జాతి ద్వేషం లేదు. పుట్టినరోజు కేకు తెచ్చిన స్నేహితులున్న ఇంటికి అంబులెన్సు వచ్చింది.

పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో ఏం చెబుతుందని వెదికితే అందరూ కత్తుల గురించిన వచనాల దగ్గరికి వెళతారు. నేనూ వెళతాను. కాని దానికంటే ముందు ఒక పిట్టగోడ దగ్గర ఆగాలి. ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశంలో కొత్త ఇళ్లు కట్టుకోబోతున్నారు. అప్పుడు దేవుడు మోషే ద్వారా ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. ఇల్లు కట్టేవాడు మేడ పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టి తీరాలి, ఎవరైనా జారిపడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీదికి వస్తుంది (ద్వితీ. 22:8). పది ఆజ్ఞలిచ్చిన మహా దేవుడు ఇంటిప్లానులో కూడా చెయ్యి పెట్టాడన్నమాట! ఆ దేశంలో డాబామీదే పడుకునేవారు, అక్కడే అవిసె కట్టెలు ఎండబెట్టేవారు, అతిథులను అక్కడికే తీసుకెళ్లేవారు. మన విశాఖలోనూ అంతే కదా? వడియాలక్కడే, బట్టలక్కడే, సంక్రాంతికి గాలిపటాలక్కడే, మన గృహ కూడికలూ అక్కడే.

ఈ ఆజ్ఞలో గమనించవలసిన సంగతేమిటంటే, ఇంటి యజమాని ఎవరినీ తొయ్యలేదు. జారినవాడు తనంతట తానే జారాడు. చీకట్లో చూసుకోకుండా నడిచాడేమో. అయినా దేవుడు యజమానినే అడుగుతున్నాడు. నీ ఇంట్లో అపాయకరమైన అంచు ఉందని నీకు తెలుసు, దానికి గోడ కట్టడం నీ చేతిలో పని, కట్టలేదేం? ‘నేను కావాలని చేయలేదు’ అన్న జవాబు మనుషుల దగ్గర సానుభూతి తెస్తుందేమోగాని ఈ ఆజ్ఞ ముందు నిలవదు. తుపాకి ఉన్న ఇల్లంటే పిట్టగోడ లేని డాబా. చట్టం అనుమతించిందా, లైసెన్సు ఉందా అన్న ప్రశ్నలు అయిపోయాక కూడా విశ్వాసికి ఇంకో ప్రశ్న మిగులుతుంది. గోడ కట్టావా?

ధర్మశాస్త్రంలో దీనికి తోడుగా ఇంకో మాటుంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపితే చాలు, యజమాని నిర్దోషి. కాని ఆ ఎద్దుకు పొడిచే గుణం ఉందని ముందే అతనికి తెలిసి, హెచ్చరించినా కట్టిపెట్టకపోతే యజమానికి కూడా మరణశిక్ష (నిర్గమ. 21:28, 29). మూడువేల ఏళ్ల నాటి ఈ ఎద్దు కథ అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు కోర్టులో దాదాపు అలాగే మళ్లీ నడిచింది. డెట్రాయిట్ శివార్లలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. ఆ చుట్టుపక్కలే ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరుంది. 2021 నవంబరు 26న అక్కడ ఒక తండ్రి తన పదిహేనేళ్ల కొడుకు కోసం తుపాకి కొన్నాడు. ముందస్తు క్రిస్మస్ కానుకట! మర్నాడు తల్లి ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని సాధన చేయించడానికి తీసుకెళ్లింది. తరగతిలో కూర్చుని ఫోనులో తూటాల కోసం వెదుకుతున్నాడని బడివారు తెలియజేస్తే తల్లి దాన్ని నవ్వులాటగా తీసుకుంది. నవంబరు 30 ఉదయం ఆ అబ్బాయి తుపాకి బొమ్మ వేసి, పక్కన సాయం కోసం మొరపెట్టుకున్న రాతలు రాశాడు. బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు వచ్చారు, మాట్లాడారు, బిడ్డను అక్కడే వదిలి ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఇంట్లో తుపాకి ఉందన్న మాట చెప్పలేదు. బడివారు పిల్లవాడి సంచీ వెదకలేదు. ఆ రోజు జరిగిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు.

2024లో కోర్టు ఆ తల్లినీ తండ్రినీ దోషులుగా తేల్చి పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష వేసింది. బిడ్డ బడిలో జరిపిన సామూహిక కాల్పులకు కన్నవారిని ఇలా శిక్షించడం అమెరికాలో అదే మొదటిసారి. న్యాయనిపుణులు అది కొత్త న్యాయమన్నారు. బైబిలు చదివేవారికి కొత్తేమీ కాదు.

నాకు ఆ కేసులో ఎక్కువ బాధ కలిగించింది ఆ క్రిస్మస్ కానుక అన్న మాట. సమాధానాధిపతి పుట్టిన దినానికి ఆ బిడ్డకు ఆ ఇంట్లో దొరికింది అది! సరే, మనమూ డిసెంబరులో పిల్లలకు బొమ్మ తుపాకులు కొనిస్తాం. దాని జోలికి పోతే మా సంఘంలోనే నామీద అలుగుతారు.

ఇప్పుడు ఆ కుమారుడి పక్షాన కూడా మాట్లాడాలి. అతను చెడ్డవాడు కాడు. ‘అమ్మా, ఇక్కడ పోలీసులు వచ్చేలోపు ఏమైనా జరగొచ్చు. ఇంట్లో భార్య, చిన్నపిల్ల ఉన్నారు’ అంటాడు. కాదనలేం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో హైదరాబాద్ యువ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక శ్వేతజాతీయుడు మా దేశం నుంచి పొమ్మంటూ కాల్చి చంపినప్పుడు మన పిల్లలందరి గుండెల్లోనూ భయం దిగింది. 2023 మే 6న డాలస్ దగ్గర అలెన్‌లోని షాపింగ్ మాల్ కాల్పుల్లో చనిపోయినవారిలో మన తెలుగమ్మాయి ఉంది. భయపడొద్దని విశాఖలో కూర్చుని చెప్పడం నాకు తేలికే.

బైబిలు కూడా ఆత్మరక్షణను తోసిపుచ్చలేదు. నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినవారు ఒక చేత్తో పని చేస్తూ ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నారు (నెహెమ్యా 4:17). 2019 డిసెంబరు 29న టెక్సాస్‌లోని ఒక చర్చిలో ప్రభుబల్ల సమయంలో దుండగుడు ఇద్దరిని కాల్చి చంపితే, భద్రత చూసే సంఘసభ్యుడొకరు క్షణాల్లో వాణ్ణి కాల్చి మిగిలినవారిని కాపాడిన సంగతి కూడా నిజమే. ఆయన తుపాకి కాల్చడంలో ఇతరులకు శిక్షణ ఇచ్చే మనిషి అన్నది కూడా కలిపి చెప్పుకోవాలి.

కాని మోషే ధర్మశాస్త్రం ఆత్మరక్షణకు కూడా పిట్టగోడ కట్టింది. దొంగ రాత్రివేళ కన్నం వేస్తుండగా కొడితే వాడు చస్తే, కొట్టినవాడిమీద రక్తాపరాధం లేదు. అదే సూర్యుడు ఉదయించాక అయితే ఉంది (నిర్గమ. 22:2, 3). ఎందుకీ తేడా? వెలుగులో మనిషి ముఖం కనబడుతుంది. వచ్చినవాడు ఎవడో, ఎందుకొచ్చాడో తెలుసుకునే వీలుంటుంది. పొరుగువారిని పిలిచే వీలుంటుంది. వీలుండీ చంపితే దేవుడు లెక్క అడుగుతాడు. దొంగ రక్తానికి కూడా విలువ కట్టిన ధర్మశాస్త్రమిది!

ఒలేతా పక్కనే కాన్సస్ సిటీ మహానగరం ఉంది. 2023 ఏప్రిల్ 13న అక్కడ పదహారేళ్ల నల్లజాతి కుర్రాడు తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి, పొరపాటున వేరే ఇంటి కాలింగ్ బెల్ నొక్కాడు. ఇంట్లో ఉన్న 84 ఏళ్ల వృద్ధుడు తలుపు అద్దంలోంచే కాల్చాడు. కుర్రాడు దేవుని కృపవల్ల బతికాడు. ఆ వృద్ధుడు దొంగేమో అనుకున్నాడు. భయపడ్డానన్నాడు. నిజంగానే భయపడి ఉండవచ్చు. భయపడినవాడి చేతిలో తుపాకి ఉంటే తలుపు అవతల ఎవరున్నారో కనుక్కునే సమయం మిగలదు. మన తెలుగువారి ఇళ్లకు చెప్పాపెట్టకుండా బంధువులు వస్తారు. అడ్రసు తప్పి తడుముకుంటారు. మన పిల్లలే రేపు ఎవరి గుమ్మంలోనో పొరపాటున నిలబడవచ్చు.

భయం సంగతి అలా ఉంటే కోపం సంగతి ఇంకో తీరు. దావీదు గొల్యాతును ఎదుర్కొన్న రోజు సౌలు ఇచ్చిన కత్తి వద్దని విడిచిపెట్టాడు. అదే దావీదు నాబాలు అనే మొరటువాడు తనను అవమానించినప్పుడు మాత్రం కత్తి కట్టుకుని 400 మందితో బయలుదేరాడు (1 సమూ. 25). తెల్లవారేసరికి ఆ ఇంట్లో మగపిల్లవాడు మిగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. కీర్తనలు రాసిన భక్తుడు, దేవుని హృదయానుసారుడు! ఇంతకీ జరిగిందేమిటి? రొట్టెలు అడిగితే లేదన్నాడు, పైగా ఒక తిట్టు తిట్టాడు. అంతే. నాబాలు భార్య అబీగయీలు గాడిదలమీద రొట్టెలు వేసుకుని ఎదురొచ్చి కాళ్లమీద పడకపోతే దావీదు చరిత్ర మరోలా ఉండేది. రక్తాపరాధం నుంచి తనను ఆపినందుకు దావీదే ఆమెను ఆశీర్వదించాడు. ఆమె వచ్చి చేరడానికి సమయం దొరికింది, ఎందుకంటే దావీదు నడిచి రావాలి, కొండ దిగాలి, ఊరు చేరాలి.

2020 డిసెంబరు 18న ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన తగవు పెద్దల్లోకి పాకింది. ఒక స్థానిక రాజకీయ నాయకుడు ఇంట్లో ఉన్న లైసెన్సు తుపాకితో కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు, ఒకరు కొన్నాళ్లకు ఆసుపత్రిలో చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. అన్ని విచారణలూ దాటి వచ్చిన లైసెన్సే అది! క్రికెట్ తగవులు మన కాలనీల్లో ప్రతి ఆదివారం సాయంత్రం జరుగుతాయి. తిట్టుకుంటారు, చొక్కాలు పట్టుకుంటారు, రాత్రికి భార్యలు సర్దిచెబుతారు, వారం తర్వాత టీ దుకాణం దగ్గర కలిసిపోతారు. ఆదిలాబాద్‌లో అబీగయీలు వచ్చేంత వ్యవధి లేకపోయింది.

ఒలేతాలో శ్రీనివాస్‌ను చంపినవాడు ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో పనిచేసినవాడు. ఆయుధం అంటే ఏమిటో తెలిసినవాడే. ఆ రాత్రి అతన్ని పట్టుకోబోయినవాడు మాత్రం ఇయాన్ గ్రిలాట్ అనే 24 ఏళ్ల స్థానికుడు. చేతిలో ఏ ఆయుధమూ లేదు. తూటాలు అయిపోయాయనుకుని వెంటపడ్డాడు, అయిపోలేదు, ఛాతీకి చేతికి గాయాలై బతికాడు. తర్వాత హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. మంచి సమరయుని ఉపమానం చదివినప్పుడల్లా నాకు అతను గుర్తుకొస్తాడు.

ఇప్పుడు కత్తుల దగ్గరికి వద్దాం. కడరాత్రి శిష్యులు తమ దగ్గర రెండు కత్తులున్నాయని చూపించారు (లూకా 22:38). యేసు అవి చాలునన్నాడు. ఈ మాట పట్టుకుని ఆయుధాలు కొనమన్నాడని కొందరు, ఇక ఈ సంభాషణ చాలించమన్నాడని కొందరు ఎంతోకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదన తీర్చడం నావల్ల కాదు. గెత్సేమనేలో ఏమైందో మాత్రం స్పష్టంగా ఉంది. పేతురు చేపలు పట్టేవాడు. మన ఫిషింగ్ హార్బరులో వల లాగే అన్నదమ్ములవంటివాడు. వల విసరడం వచ్చుగాని కత్తి తిప్పడం రాదు. చీకట్లో తీశాడు, విసిరాడు, ప్రధాన యాజకుడి దాసుడైన మల్కు చెవి తెగిపడింది (యోహాను 18:10). అసలు శత్రువు యాజకుడు ఇంట్లో క్షేమంగా ఉన్నాడు, దెబ్బ ఒక పనివాడికి తగిలింది. యేసు ఆ చెవి ముట్టి బాగుచేశాడు (లూకా 22:51). సిలువకు ముందు ఆయన చేసిన చివరి స్వస్థత తన శిష్యుడి ఆయుధం చేసిన గాయానికే! ఆ రాత్రి ప్రభువు పక్కనే ఉన్నాడు కనుక పేతురు బయటపడ్డాడు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. 2023లో అమెరికాలో తుపాకుల వల్ల దాదాపు 46,700 మంది చనిపోయారు. అందులో 27,000 మందికి పైగా ఆత్మహత్యలే. అంటే సగానికి మించి! దొంగ కోసమని కొన్న తుపాకి ఆ ఇంట్లోనే ఉన్న, మనసు విరిగిన మనిషి చేతిలోకి వెళుతోంది. మన విశాఖలోనే 2024 ఏప్రిల్‌లో ద్వారకానగర్‌లోని ఒక బ్యాంకు దగ్గర కాపలా విధుల్లో ఉన్న కానిస్టేబుల్ సర్వీసు తుపాకితోనే ప్రాణం తీసుకున్నాడు. గిల్బోవ కొండమీద సౌలు పడింది ఫిలిష్తీయుల కత్తిమీద కాదు, తన సొంత కత్తిమీద (1 సమూ. 31:4).

మన పల్లెల్లో దీనికి సాటి వచ్చేది పురుగుమందు డబ్బా. పొలానికని తెచ్చి దూలంమీదో మంచం కిందో పెడతారు. ఇంట్లో గొడవైన ఒక్క సాయంత్రం చాలు. ఆ ఘడియ దాటితే బతికి, పిల్లల పెళ్లిళ్లు చేసి, మనవలను ఎత్తుకునేవారు ఎందరో! అందుకే డబ్బాలు పెట్టెలో పెట్టి తాళం వేయమని ఊరూరా చెబుతున్నారు. తుపాకి విషయంలో ఆ తాళం ఇంకా అవసరం, ఎందుకంటే పురుగుమందు తాగినవాణ్ణి కేజీహెచ్‌కు తీసుకెళ్లే సమయమైనా కొంత ఉంటుంది. మీ ఇంట్లోగాని, మీ పిల్లల ఇళ్లలోగాని ఎవరైనా నిద్రపట్టక, మాట తగ్గించి, బతకడం దండగ అంటూ ఉంటే దాన్ని అవిశ్వాసం అనకండి. పక్కన కూర్చోండి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఆయుధం ఉంటే ఆ మనిషి కుదుటపడేదాకా అది ఆ ఇంట్లో ఉండకూడదు.

మనవారికి అడ్డొచ్చేది మొహమాటం. అమెరికాలో ఒక మంచి అలవాటు నేర్పుతున్నారు. పిల్లల్ని ఆడుకోవడానికి వేరే ఇంటికి పంపేముందు, మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేసి ఉందా అని అడగమంటున్నారు. కుక్క కరుస్తుందా అని అడగడానికి మొహమాటపడం. తుపాకి గురించి అడగాలంటే మాత్రం వాళ్లేమనుకుంటారో అని మింగేస్తాం. 2020 నుంచి ఆ దేశంలో ఏడాది దాటిన పిల్లల్ని, పద్దెనిమిది పందొమ్మిదేళ్లలోపు వారిని అన్నిటికంటే ఎక్కువగా పొట్టనపెట్టుకుంటున్నది తుపాకే. కారు ప్రమాదాలను కూడా దాటేసింది. అంత నష్టం జరుగుతున్నచోట ఒక ప్రశ్నకు మొహమాటమా? అమ్మమ్మలూ నాయనమ్మలూ ఆరు నెలలు అక్కడ ఉండి వస్తారు కదా, సొరుగులన్నీ సర్దేది వాళ్లే కదా. అడిగే హక్కు వాళ్లకు అందరికంటే ఎక్కువ. అక్కడి మన తెలుగు సంఘాల కాపరులు కూడా దశమభాగం గురించి మాట్లాడినట్టే దీని గురించి పుల్పిట్‌మీద మాట్లాడవచ్చు. నేను విన్నంతలో మాట్లాడేవారు తక్కువ.

పై వారం ఆ తల్లి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆమె భర్త ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర హెల్మెట్ లేనిదే ఒక్కరోజు కూడా అడుగు పెట్టనివ్వలేదని చెప్పుకొచ్చాడు. తుపాకి కొనడం తప్పా ఒప్పా తేల్చమని ఆయన నన్ను అడిగాడు. ఆ ఊరు, ఆ ఇల్లు చూడకుండా నేను తీర్పు చెప్పలేనన్నాను. నాకైతే ఉండకపోవడమే మంచిదనిపిస్తుందని కూడా అన్నాను. అక్కడే కూర్చుని వాట్సాప్‌లో కొడుక్కి కాల్ చేశారు. నేను మాట్లాడబోతే ఆమె ఫోను ఇవ్వలేదు.

‘‘నాన్నా, అది ఎక్కడ పెట్టావు?’’ అని అడిగింది.

‘‘ఏదమ్మా?’’

‘‘అదే. తుపాకి.’’

కాసేపు అవతల మాట లేదు. బట్టల అలమరా పై అరలో ఉందన్నాడు. తాళం ఉందా అంటే అలమరాకు తాళం లేదన్నాడు. గుళ్లు అందులోనే ఉన్నాయా అంటే ఉన్నాయన్నాడు. పాపకు ఎన్నేళ్లురా అని అడిగింది, తనకు తెలియనట్టు. నాలుగు నిండాయన్నాడు. పక్క నుంచి కోడలు గొంతు వినిపించింది, ‘‘అత్తయ్యా, నేనూ అదే చెబుతున్నానండి’’ అని. శనివారం సేఫ్ కొనుక్కొస్తానని, అందాకా తూటాలు కారు డిక్కీలో పెట్టి తాళం వేస్తానని అతను ఒప్పుకున్నాడు. అసలు అమ్మేయడం గురించి కూడా ఆలోచిస్తానన్నాడు. మార్చిలో వీళ్లిద్దరూ అక్కడికి వెళుతున్నారు. సేఫ్ కొన్నాడో లేదో శనివారం రాత్రి ఫోటో పెట్టమంది ఆ తల్లి.